అడగడం మానేసిన మనిషి

ఆ ఇంట్లోంచి ఎవరు ఎక్కడికి వెళ్లినా సరే, చేరగానే ఫోన్ చేసి "చేరాను" అని చెప్పాలి. ఊరు దాటి వెళ్లినా అంతే, వీధి చివర కొట్టుకు అగ్గిపెట్టె కోసం వెళ్లినా అంతే. అవతల ఫోనెత్తిన ఇంటాయన "సరే" అంటాడు, పెట్టేస్తాడు. ఈ రెండు ముక్కల కోసం ఇంత తతంగమేమిటని చుట్టాలు నవ్వుతారు. నవ్వేవాళ్లకేం పోయింది, నరం లేని నాలుకలు. ఆ "చేరాను" ఒక పావుగంట ఆలస్యమైతే ఏమవుతుందో వాళ్లెప్పుడైనా చూస్తే కదా!

చూసినవాళ్లు రెడీమేడ్ బట్టల కార్ఖానాలో ఉన్నారు. ఇంటావిడ అక్కడ చొక్కాలకు కాజాలు కుడుతుంది. అందుకే అందరికీ ఆమె కాజాలక్క. ఒకసారి ఫోన్లో చార్జింగ్ అయిపోయి ఆమె చేరానని చెప్పలేకపోయింది. గంట తిరిగేలోపు ఆయన చెప్పుల్లేకుండా కార్ఖానాలోకి వచ్చాడు. మెయిన్ స్విచ్ కట్టేశాడు. ఆగిపోయిన మిషన్ల మధ్య వరస వరసకూ నడుస్తూ ఒక్కొక్క ఆడమనిషి మొహం దగ్గరికి వంగి చూశాడు. భార్య ముందు నిలబడ్డాక కూడా వెంటనే గుర్తుపట్టలేదు. ఆ చూపుకు జడిసి బొత్తాలు కుట్టే అమ్మాయి బల్ల కింద దూరింది. ఆ తర్వాత చాలాకాలం కాజాలక్క ఆ ఫోన్ చెయ్యకుండా ఉంటే ఒట్టు. ఆమె గుమ్మంలో కాలు పెట్టగానే కత్తెర మాస్టారు, "నమస్కారాలు తర్వాత, ముందు ఆ ఫోను చెయ్యి తల్లీ" అనేవాడు.

ఆయన సైన్యంలో వైర్‌లెస్ సెట్టు దగ్గర పనిచేశాడు. చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని, కొండల మీద అక్కడొకటీ ఇక్కడొకటీ ఉన్న కాపలా చౌకీలను గంట గంటకూ పిలవడం, "అంతా క్షేమం" అన్న జవాబు వినడం, అదీ ఉద్యోగం. ఒకనాడు ఒక చౌకీ పలకలేదు. తెల్లారేదాకా పిలిచాడు. అక్కడున్నవాళ్లు ఎప్పుడో పోయారని అందరికీ తెలిశాక కూడా పిలుస్తూనే ఉంటే, తోటి సిపాయి ఒకడు ఆ హెడ్‌ఫోన్లు చెవుల మీంచి ఊడబెరకాల్సి వచ్చింది. ఇదంతా ఆయన నోటివెంట ఏనాడూ రాలేదు. ఊడబెరికిన మనిషే కాజాలక్కకు చెప్పాడు. ఆ మనిషి తలకు గుమ్మం తగలకుండా ఏ ఇంట్లోకీ రాలేడు, అందుకని అందరూ ఆయన్ని నిచ్చెన అంటారు.

సైన్యం నుంచి వచ్చేశాక ఆయన ముందుగదిలో బల్ల వేసుకుని రేడియోలు, మిక్సీలు, ఫ్యాన్లు బాగుచెయ్యడం మొదలుపెట్టాడు. పనికి వంక పెట్టడానికి లేదు. మనిషితోనే వేగలేం. మెట్లెక్కేవాళ్లు దగ్గుతూ ఎక్కాలి. వెనకనుంచి పలకరించకూడదు. తలుపు ధడాలున వెయ్యకూడదు, గిన్నె జారకూడదు, గట్టిగా నవ్వకూడదు. కూతురికి ఆయన ముద్దుగా పిచ్చుక అని పేరు పెట్టుకున్నాడు గానీ, ఆ పిచ్చుక పదో ఏడు వచ్చేసరికే ఇంట్లో సైగలతో మాట్లాడటం నేర్చుకుంది. ఇప్పుడు బడిలో పై తరగతి. కింది వాటాలో ఉండే ఓనరమ్మ కూడా పాపం సొంత ఇంట్లో దొంగలా నడిచేది. కాజాలక్కది పుట్టుకతోనే పెద్ద గొంతు. దాన్ని ఆమె కార్ఖానాలోనే వాడుకునేది. మిషన్ల రొదలో పడీ పడీ నవ్వేది. సాయంత్రం మెట్ల దగ్గరికి రాగానే నోరు కుట్టేసుకునేది.

ఒకసారి ఆమె ఆయన్ని మిలిటరీవాళ్ల ఆసుపత్రికి తీసుకెళ్లింది. డాక్టరు రెండు ప్రశ్నలు అడిగిందో లేదో, "నాకేం పిచ్చా?" అని లేచి వచ్చేశాడు. దారిలో మందుల చీటీ చింపేశాడు. ఆమె మళ్లీ ఆ ఊసెత్తలేదు. కందిరీగల తుట్టెను కదపడమెందుకు అనుకుంది. అలా అనుకోవడం తప్పని ఇప్పుడు ఎవరైనా చెప్పగలరు. ఆ ఇంట్లో కాపురం చేసి చెప్పమనండి.

ఆ రోజు కార్ఖానాలో బడిపిల్లల చొక్కాల ఆర్డరు. కాజా మిషను సూది పొద్దున్నుంచి విరుగుతూనే ఉంది. సూదులు మార్చడంలో పడి కాజాలక్క ఫోన్ సంగతి మర్చిపోయింది. కత్తెర మాస్టారు కూడా ఆ రోజు రాలేదు. భోజనాల వేళ డబ్బా మూత తీస్తుండగా గుర్తొచ్చి గుండె గుభేలుమంది. ఫోన్ తీసి చూస్తే ఆయన దగ్గర్నుంచి ఒక్క కాల్ కూడా లేదు. అది చూసి ఇంకా భయం వేసింది. డబ్బా అక్కడే వదిలేసి పరుగున ఇంటికొచ్చింది. ఆయన స్టూలెక్కి తలుపు గడియకు నూనె వేస్తున్నాడు.

"ఏమండీ, మర్చిపోయానండీ. పని తొందరలో…"

"పోనీలే. పనిలో ఉన్నావుగా," అన్నాడాయన. అని నవ్వాడు. "ఈ గడియ చూడు, ఇప్పుడు వేలితో తోస్తే పడుతుంది."

ఆమె గోడకు చేరగిలబడింది.

ఇక ఆ రోజునుంచి ఆయన అడగడం మానేశాడు. చేరానని ఫోన్ చేస్తే "మంచిది" అనేవాడు, చెయ్యకపోతే లేదు. నిద్ర పట్టేది. పొద్దున్నే గడ్డం గీసుకునేవాడు. వంటింట్లో ఏళ్ల తరబడి కారుతున్న కుళాయి బాగుచేశాడు. మీటరు పెట్టె దగ్గరికి భార్యను పిలిచి, ఫ్యూజు పోతే ఎలా వెయ్యాలో ఆమె చేతే రెండుసార్లు వేయించాడు. ట్యాంకు నీళ్లు ఆపే వాల్వు ఎక్కడుందో చూపించాడు. కూతురికి సైకిలు చెయిన్ ఎక్కించడం నేర్పాడు, దాని వేళ్లకంటిన నల్లటి గ్రీజు తనే తుడిచాడు. బల్ల మీదున్న రేడియోలూ మిక్సీలూ బాగుచేసి ఎవరివి వాళ్లకు ఇచ్చేశాడు. కొత్తవి తీసుకోలేదు.

"కొన్నాళ్లు ఊరికే కూర్చుంటాను," అన్నాడు.

"కూర్చోండి. మీరు చేసిన చాకిరీకి ఇంకొకరైతే మంచమే దిగరు," అంది కాజాలక్క. ఆ బల్ల ఖాళీగా, తుడిచి, నున్నగా ఉండటం ఆ ఇంట్లోకి వచ్చాక ఆమె మొదటిసారి చూసింది. దాని మీద చెయ్యి పెట్టి అటూ ఇటూ రాసింది. కొత్త పెళ్లికూతురి ముచ్చట!

ఒక సాయంత్రం వంటింట్లో స్టీలు పళ్లెం చేజారింది. అది ఊరికే పడిందా, గచ్చు మీద గిరగిరా తిరిగి, గడప దాటి, ముందుగదిలో ఆయన కాళ్ల దగ్గర దాకా మోగుతూ పోయింది. తల్లీ కూతురూ ఊపిరి బిగబట్టారు. ఆయన వంగి పళ్లెం తీసి, దాన్ని ఎగాదిగా చూసి, "దెబ్బలేం తగల్లేదు, మనిషి క్షేమమే," అన్నాడు. ముందు పిచ్చుక కిసుక్కుమంది. తర్వాత కాజాలక్క కార్ఖానా నవ్వు నవ్వింది. కింది వాటాలో ఓనరమ్మ ఏమైందోనని బయటికి వచ్చి తొంగిచూసింది. నవ్వుతున్న భార్యనూ కూతుర్నీ ఆయన ఒకరి తర్వాత ఒకర్ని చాలాసేపు చూస్తూ కూర్చున్నాడు.

మబ్బును చూసి కుండలో నీళ్లు ఒలకబోసుకోవడమంటే ఇదే. మర్నాడు కాజాలక్క కార్ఖానాలో అందరికీ టీ ఇప్పించింది.

ఆ ఇంట్లో బుర్ర పనిచేసింది ఒక్క పిచ్చుకకే. అది ఒకరోజు తల్లిని వంటింట్లోకి లాగి మెల్లిగా చెప్పింది.

"అమ్మా, నేను నిన్న కావాలనే ఆలస్యంగా వచ్చా. ఫోన్ కూడా చెయ్యలేదు. చీకటి పడేదాకా స్నేహితురాలి ఇంట్లోనే కూర్చున్నా."

"ఎందుకే? ఏం రోగం?"

"నాన్న ఏమంటాడో చూద్దామని. నేనొస్తే తలెత్తి కూడా చూడలేదమ్మా. 'వచ్చావా' అనలేదు. నాకు… నాకేదో భయంగా ఉంది."

"అడిగితే ఏడుపు, అడక్కపోతే ఏడుపు! ఇన్నాళ్లకు మనిషి తేరుకున్నాడంటే నీకు కళ్లమంటా? నోర్మూసుకో," అని కాజాలక్క కసిరింది. పిచ్చుక నోరు మూసుకుంది. నోరు మూసుకోవడం ఆ పిల్లకు కొత్త కాదుగా.

కసిరిందే గానీ, ఆ మాట కాజాలక్కను వదల్లేదు. మిషను మీద కూర్చుంటే గుర్తొచ్చేది. పొద్దున ఆమె చెప్పులు వేసుకుంటుంటే ఆయన గుమ్మం దాకా వచ్చి నిలబడుతున్నాడు. ఏమీ అనడు. జాగ్రత్త అని కూడా అనడు. కొత్తగా చూసినట్టు చూస్తాడు. ఆ చూపు బాగానే ఉందని ఆమె తనకు తానే సర్దిచెప్పుకుంది. బాగున్నదాన్ని సర్దిచెప్పుకోవాల్సిన అవసరం ఎందుకొచ్చిందో మాత్రం ఆలోచించలేదు.

ఒక సెలవురోజు. బళ్లకు సెలవేగానీ కార్ఖానాకు లేదు. మధ్యాహ్నం భోజనాల వేళ కాజాలక్క కార్ఖానా మెట్ల మీద కూర్చుని నిచ్చెనకు ఫోన్ చేసింది. ఆయన ఊరి అవతల ఒక గోదాము కాపలా. భర్త గురించి ఎవరితోనైనా మంచి మాట చెప్పుకోవాలని ఆమెకు చాలా రోజులుగా ఉంది.

"అన్నయ్యా, ఒక శుభవార్త."

"ఏం చెల్లెమ్మా, మీ ఆయన నవ్వాడా ఏంటి కొంపదీసి?"

"నవ్వడమా! నిద్రపోతున్నారు, తింటున్నారు, ఇల్లంతా బాగుచేశారు. అన్నిటికంటే పెద్దది, అడగడం మానేశారన్నయ్యా. చేరావా లేదా అని అడగరు. ఫోన్ చెయ్యకపోయినా ఏమీ అనరు. మీరు నమ్మరుగానీ…"

ఆమె ఇంకా రెండు మాటలు చెప్పి ఆగింది.

"అన్నయ్యా? ఉన్నారా?"

"వాడి బల్ల మీద సామానుందా?" అన్నాడు నిచ్చెన. గొంతులో హాస్యం పోయింది.

"లేదు. ఎవరివి వాళ్లకు ఇచ్చేశారు."

"బల్ల తుడిచాడా?"

"ఆఁ. అద్దంలా ఉంది."

"మీటరూ, నీళ్లూ, తాళాలూ, ఏది ఎక్కడుందో నీకు చూపించాడా?"

"చూపించారు. ఎందుకన్నయ్యా? మీకెవరు చెప్పారు?"

"చెల్లెమ్మా, జాగ్రత్తగా విను. సెట్టు ముందు కూర్చున్నవాడు తనంతట తాను లేవడు. బదులు మనిషి వచ్చి భుజం మీద చెయ్యేసి, నేను కూర్చున్నాను లే అంటేనే లేస్తాడు. లేదా చౌకీయే ఎత్తేస్తుంటే లేస్తాడు. ఎత్తేసేముందు ఎవరి సామాను వాళ్లకు అప్పజెప్తాడు, బల్ల తుడుస్తాడు, వెనకుండేవాళ్లకు అన్నీ చూపిస్తాడు. ఆ తర్వాత ఇంక ఎవర్నీ పిలవడు. వాడికి బదులెవరూ రాలేదు కదమ్మా."

ఆమెకు అర్థమైంది. అర్థం కానట్టు, "అంటే?" అంది.

"వాడు చచ్చిపోదామనుకుంటున్నాడు. నేనూ ఒకప్పుడు అలాగే అన్నీ సర్ది పెట్టుకున్నాను, నాకు తెలుసు. మా ఆవిడ అప్పుడు నాలుగు రోజులు సంబరపడింది." నిచ్చెన రొప్పుతున్నాడు, అప్పటికే ఎక్కడికో నడుస్తున్నట్టున్నాడు. "వాడెక్కడున్నాడిప్పుడు? ఒంటరిగా ఉన్నాడా? నువ్వెళ్లు. చూడగానే సూటిగా అడుగు, డొంకతిరుగుడు వద్దు. అడిగితే లేనిపోని ఆలోచన పుడుతుందేమోనని భయపడకు. అది ఎప్పుడో పుట్టింది. నేను వస్తున్నాను."

భర్తకు ఫోన్ చేస్తే మోగింది, ఎత్తలేదు. పిచ్చుకకు చేసింది.

"అమ్మా, నేను ఇంట్లో లేను," అంది పిచ్చుక. అవతల పిల్లల నవ్వులు. "నాన్నే స్నేహితురాలి ఇంటికి పొమ్మన్నాడు. రాత్రికి కూడా అక్కడే ఉండమన్నాడు. ఎప్పుడూ పంపడుగా, మళ్లీ వద్దంటాడేమోనని వచ్చేశా. ఏం, రానా?"

"వద్దు. అక్కడే ఉండు. నేను చెప్పేదాకా కదలకు."

కాజాలక్క మెట్లు దిగుతూనే ఓనరమ్మకు చేసింది.

"మీ ఆయనా? ఇందాకే అద్దె డబ్బులూ, ఇంటి రెండో తాళం చెవీ నాకిచ్చి, కాసేపు పడుకుంటానని తలుపేసుకున్నాడమ్మా. ఎంత మర్యాదగా చెప్పాడో!"

"పిన్నిగారూ, పైకెళ్లి తలుపు కొట్టండి. తీసేదాకా కొడుతూనే ఉండండి."

"అమ్మో, చప్పుడు చేస్తే కోప్పడతాడేమోనే!"

"కోప్పడనివ్వండి! విరగ్గొట్టండి! చెయ్యి నొప్పి పుడితే గరిటెతో కొట్టండి!"

కత్తెర మాస్టారు ఒక్క ప్రశ్న వెయ్యకుండా స్కూటర్ తీశాడు. మెడలో వేలాడుతున్న కొలతల టేపు కూడా తియ్యలేదు. దారిలో ప్రతి ఎర్రదీపం దగ్గరా కాజాలక్క దిగి పరుగెత్తబోతుంటే వెనక్కి చెయ్యి చాచి ఆపాడు.

వాళ్లు చేరేసరికి ఓనరమ్మ పై వాటా తలుపు ముందు ఉంది. ఒక చేత్తో గరిటెతో బాదుతోంది, ఇంకో చేత్తో కళ్లు తుడుచుకుంటోంది. ఏమనాలో తోచక, "బాబూ, నా మిక్సీ తిరగట్లేదయ్యా, ఒక్కసారి చూడు నాయనా!" అని అరుస్తోంది. లోపల్నుంచి ఆయన గొంతు నెమ్మదిగా వచ్చింది.

"బల్ల మూసేశానమ్మా. ఇంకెవరికైనా ఇవ్వండి."

బతికే ఉన్నాడు. కాజాలక్క ఓనరమ్మను పక్కకు తప్పించింది. పెళ్లయిన నాటినుంచి ఆయన్ని మీరు అనడమే గానీ నువ్వు అని ఎరగని మనిషి, ఆ ఇంటి మెట్ల మీద ఏనాడూ గొంతెత్తని మనిషి, వీధి చివర దాకా వినపడేలా అరిచింది.

"తలుపు తియ్యి! నువ్వు తియ్యకపోతే ఈ తలుపు నా తలతో పగలగొడతాను. తియ్యి!"

గడియ తీసిన చప్పుడు కూడా రాలేదు. ఆ మధ్య నూనె వేశాడు కదా. తలుపు తెరుచుకుంది. ఆయన ఇస్త్రీ చేసిన చొక్కా వేసుకుని ఉన్నాడు. నున్నగా గడ్డం గీసుకున్నాడు. ఆ బల్ల మీద ఏముందో నేను చెప్పను. చెప్పి ఎవరికి ఉపకారం? కాజాలక్క దాన్ని తువ్వాలులో చుట్టి ఓనరమ్మ చేతికిచ్చి, మాస్టారుతో కిందికి పంపేసింది. తలుపు మాత్రం వెయ్యలేదు. ఆయన ఎదురుగా వచ్చి నిలబడింది.

"చచ్చిపోదామనుకుంటున్నావా?"

ఆయన ఆమెను చూశాడు. ఇన్నాళ్లూ ఫోన్లో "సరే" అన్నట్టే అన్నాడు.

"అవును."

అడిగేటప్పుడు ఆమెకు లేని భయం జవాబు విన్నాక వచ్చింది. స్టూలు దొరక్క నేల మీదే కూర్చుంది.

"ఎందుకు?"

"మీరు బాగున్నారుగా," అన్నాడాయన. వాదించడానికి కాదు, నచ్చజెప్పడానికి అన్నట్టు చెప్పాడు. "నేను అడగడం మానేస్తే మీరెలా ఉంటారో చూశాను. పిచ్చుక పాటలు పాడుతోంది. నువ్వు నిద్రపోతున్నావు. ఆ రోజు పళ్లెం పడితే ఎలా నవ్వారు! ఎన్నేళ్లైంది మీరలా నవ్వి? అప్పుడే అనుకున్నాను, నేను లేకపోతే ఈ ఇల్లు ఇలా ఉంటుంది, ఇంక ఫరవాలేదు అని."

తను సంబరపడ్డ ప్రతిరోజూ ఆయన్ని చావు గుమ్మం వైపు ఒక్కో అడుగు నెట్టిందన్న సంగతి ఆమెకు అప్పుడు తెలిసింది. పళ్లెం నవ్వు, కార్ఖానాలో టీలు, నున్నటి బల్ల మీద రాసిన చెయ్యి, అన్నీ కళ్ల ముందుకొచ్చాయి. లేదండీ, మీరు అడగకపోతే మాకు బాగాలేదండీ అని ఒక అబద్ధం ఆడేస్తే పోయేది. నోటిదాకా వచ్చింది కూడా. కానీ ఇన్నేళ్లూ ఆ ఇల్లు నడిచింది అబద్ధాల మీదే. ఆమెకు ఒళ్లు మండింది.

"అవును, హాయిగానే ఉంది," అంది. "నీతో వేగలేక విసిగిపోయాను. నీకు భయపడీ భయపడీ సగమయ్యాను. నా కూతురు నా ఇంట్లో మూగదైపోయింది. నువ్వు అడగడం మానేస్తే పండగలా ఉంది. అయితే? నువ్వు బాగయ్యావనుకుని నవ్వాం. నువ్వు పోతున్నావని నవ్వామా? ఆ రెంటికీ తేడా తెలీదా నీకు? అంత తెలివి తక్కువ వాడివైతే ఆ సెట్టు ముందు ఎవరు కూర్చోబెట్టారు నిన్ను?"

ఆయన మొహంలో అన్ని రోజులూ కదలకుండా ఉన్న నవ్వు చెదిరిపోయింది. దాని కింద ఉన్న మొహం చాలా ముసలిది. వచ్చి ఆమె పక్కన నేల మీద చతికిలపడ్డాడు.

"అలసిపోయానే," అన్నాడు. "వాళ్లు ఇప్పటికీ పలకట్లేదు."

"పలకరు," అంది ఆమె. "ఎంత పిలిచినా పలకరు. వాళ్లు లేరు." ఆ మాట ఆ ఇంట్లో అనడం అదే మొదటిసారి. అన్నాక ఆయన ఏమైపోతాడోనని మణికట్టు గట్టిగా పట్టుకుంది. ఆయన ఏడ్చాడు. మగవాడు అంతసేపు ఏడవడం ఆమె ఎప్పుడూ చూడలేదు. వద్దని ఒక్కసారి కూడా అనలేదు.

నిచ్చెన వచ్చేసరికి ఇద్దరూ అలాగే ఉన్నారు. ఆయన అలవాటు ప్రకారం గుమ్మానికి తల కొట్టుకుని, తిట్టుకుని, వచ్చి వాళ్లకెదురుగా పొడుగాటి కాళ్లు చాపుకుని కూర్చున్నాడు. "టీ ఏమైనా ఉందా చెల్లెమ్మా?" అన్నాడు. టీ తాగాక ముగ్గురూ మిలిటరీవాళ్ల ఆసుపత్రికి వెళ్లారు. ఈసారి డాక్టరు అడిగిన ప్రశ్నలకు ఆయన జవాబులు చెప్పాడు. ఒక్కో జవాబు బయటికి రావడానికి చాలాసేపు పట్టింది. వార్డులో చేర్చుకున్నారు.

సినిమాల్లోలా అక్కడితో మేఘాలు విడిపోలేదు. కొన్ని రోజులు ఆయన గోడవైపు తిరిగి పడుకున్నాడు. మందులు పడక వాంతులయ్యాయి. ఒకరోజు ఎందుకు తలుపు తీయించావని భార్యను నోటికొచ్చినట్టు తిట్టాడు. ఆమె పొద్దున కాజాలు కుట్టింది, సాయంత్రం వార్డులో కూర్చుంది, ఇంటికొచ్చి కూతురితో ఒకే మంచం మీద పడుకుంది. ఇల్లు నిశ్శబ్దంగా ఉండేది. ఇప్పుడు ఎంత గట్టిగా మాట్లాడుకున్నా అడిగేవాళ్లు లేరు, అయినా ఇద్దరూ గుసగుసలే.

ఒక ఆదివారం పిచ్చుకను మొదటిసారి వార్డుకు తీసుకెళ్లింది. బస్సులో ఆ పిల్ల కిటికీలోంచి చూస్తూ చూస్తూ అడిగింది.

"అమ్మా, నాన్న నవ్వుతూ కనిపిస్తే మనం ఏమనుకోవాలి?"

"ఏమనుకోవడమేంటి?"

"అది నిజం నవ్వో, ఆ నవ్వో ఎలా తెలుస్తుంది? అప్పుడు కూడా బాగానే నవ్వాడుగా."

కాజాలక్క ఇంతకుముందైతే కసిరేసేది. ఇప్పుడు ఆ పిల్లను కసిరే మొహం ఆమెకు లేదు. తన బుర్రలో కూడా పొద్దున్నుంచి తిరుగుతున్నది అదే ప్రశ్న. ఇక ఎన్నేళ్లు కలిసి బతికినా ఆయన నవ్వినప్పుడల్లా గుండె దడదడలాడుతుంది కాబోలు అనుకుంది. ఆసుపత్రి స్టాపు వచ్చిందని కండక్టరు రెండుసార్లు అరిస్తేగానీ దిగలేదు.

వార్డు పొడుగ్గా ఉంది. రెండువైపులా మంచాలు. అన్నిటి మీదా ఆయన ఈడువాళ్లూ, అంతకంటే చిన్నవాళ్లూ. చివరి కిటికీ దగ్గర ఆయన కూర్చుని ఉన్నాడు. గడ్డం గీసుకున్నాడు. తల దువ్వుకున్నాడు. వీళ్లను చూడగానే లేచి నిలబడ్డాడు, కూతుర్ని చూసి నవ్వాడు. హాయిగా, నిండుగా నవ్వాడు. పిచ్చుక తల్లి చెయ్యి గట్టిగా పట్టుకుంది.

పక్క మంచం వాళ్లు వింటున్నారని తెలుసు. కూతురు పక్కనే ఉందని తెలుసు. అయినా కాజాలక్క కుశలం అడక్కుండానే అడిగేసింది.

"ఇవాళ ఉందా ఆ ఆలోచన?"

ఆయన నవ్వు ఆగిపోయింది. కూతురివైపు చూశాడు, నేలవైపు చూశాడు. లేదు అంటాడని ఆమె అనుకుంది. లేదంటే ఏం చెయ్యాలో, నమ్మాలో మానాలో తెలియక అలాగే నిలబడింది.

"కొంచెం ఉంది," అన్నాడాయన. "పొద్దున ఎక్కువగా ఉంది. మీరొస్తున్నారని నర్సు చెప్పాక కొంచెమైంది. పోలేదు."

ఆ కొంచెం అన్న మాట వినగానే కాజాలక్కకు ప్రాణం లేచొచ్చింది. ఆయన చెప్పిన మాటను ఏ అనుమానం లేకుండా ఆమె నమ్మి ఎంత కాలమైందో! పిచ్చుక తల్లి చెయ్యి వదిలి వెళ్లి తండ్రి మంచం అంచున కూర్చుంది, ఏమీ అనకుండా ఆయన వేలు పట్టుకుంది.

"కొంచెమేగా. ఉండనీ," అంది కాజాలక్క, స్టూలు లాక్కుని కూర్చుంటూ. "సాయంత్రం వెళ్లేముందు మళ్లీ అడుగుతాను."